పార్కిన్సన్ పద్ధతిలో మొక్క బొమ్మ: ప్రాజెక్టు డైరీ

1768 ఆగస్టులో ఇంగ్లండులోని ప్లిమత్ రేవు విడిచిన కెప్టెన్ కుక్ ఓడ ఎండీవర్‌లో మొక్కల, జంతువుల బొమ్మలు వేసే పని సిడ్నీ పార్కిన్సన్‌ది. ఎడిన్‌బరో కుర్రవాడు. జీతమిచ్చి వెంట తీసుకెళ్లినవాడు ఆంగ్ల వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్యాంక్స్. ప్రకృతి దృశ్యాలు, మనుషుల బొమ్మలు వేయడానికి వచ్చిన అలెగ్జాండర్ బుకన్ 1769 ఏప్రిల్‌లో, పసిఫిక్ దీవి తహితి చేరిన కొద్ది రోజులకే చనిపోవడంతో ఆ పనీ పార్కిన్సన్ నెత్తిన పడింది. అతను వేసిన మొక్కల బొమ్మలు 955. వాటిలో పూర్తిగా రంగులు వేసినవి 280. మిగిలిన 675లో ఉన్నవి పెన్సిలు గీతలు, ఒక ఆకుకో పువ్వుకో కాస్త రంగు, కాగితం వెనక రంగుల గురించి నాలుగు ముక్కల రాత. ఓడ బటావియా (నేటి జకార్తా) దాటాక, 1771 జనవరి 26న, రక్తవిరేచనాలతో పార్కిన్సన్ చనిపోయాడు. ఆ తర్వాత లండన్‌లో బ్యాంక్స్ ఐదుగురు చిత్రకారులను పెట్టి ఆ అసంపూర్తి బొమ్మలకు పూర్తి రూపం ఇప్పించాడు. ఆ ఐదుగురిలో ఒక్కరూ ఎండీవర్ ఎక్కినవారు కారు. వాళ్ల ముందున్నవి పార్కిన్సన్ కాగితం, ఎండబెట్టిన మొక్క, అంతే.

ఈ ప్రాజెక్టు తేల్చుకోవాలనుకున్నది ఒక్కటే. మొక్కను ఎన్నడూ చూడని మరో చెయ్యి బొమ్మను పూర్తి చేయాలంటే, మొదటి రోజు కాగితం మీద కనీసం ఏమేమి ఉండాలి? వేస్తున్నది కాకినాడలో, సముద్రపు గాలి తగిలే ఇంట్లో. అందుకే తేమ గురించిన గోల ఇందులో కొంచెం ఎక్కువ.

ఎంచుకున్న మొక్కలు: కాగితపు పూలు, శంఖపుష్పం, చంద్రకాంత. కాగితపు పూలకు కారణం ఉంది. 1768 నవంబరులో ఎండీవర్ రియో డి జనీరోలో ఆగినప్పుడు పార్కిన్సన్ వేసిన మొక్కల్లో అదొకటి. అక్కడి పోర్చుగీసు వైస్రాయి వీళ్లను గూఢచారులేమో అనుకుని ఒడ్డుకు దిగనివ్వలేదు. బ్యాంక్స్ దొంగచాటుగా దిగి మొక్కలు తెచ్చుకున్నాడు. మన ప్రహరీల మీద పాకేది తోటల కోసం పెంచిన సంకరజాతి, రియో మొక్కకు అచ్చుగుద్దినట్టు ఉండదు. ప్రయోగానికి అది చాలు.

దశ 1: రంగు నూరడం

ఇప్పుడు దుకాణంలో దొరికే రంగు బిళ్లలు 1768లో లేవు. నీళ్లు తగిలితే చాలు కరిగే గట్టి బిళ్లలను లండన్‌లో రీవ్స్ సోదరులు తయారు చేసింది 1780 ప్రాంతంలో. అంతకుముందు ఎవరి పొడి వాళ్లు బంకనీటిలో నూరుకుని ఆల్చిప్పల్లో పెట్టుకునేవారు. అందుకే ఇక్కడ కూడా పొడులతోనే పని.

తీసుకున్న రంగులు మూడు: ప్రష్యన్ నీలం, కార్మైన్ ఎరుపు, ఒక పసుపు. ఆ కాలపు పసుపు గాంబోజ్ అనే చెట్టు పాలు. అది తీవ్రమైన విరేచనకారి, ఇంట్లో పిల్లలున్నవారు దాని జోలికి పోకపోవడమే మేలు. దానికి దగ్గరగా ఉండే నేటి పసుపు పొడి వాడాను.

1. తుమ్మబంక 10 గ్రాములు పలుకుగా దంచి, 20 మి.లీ. గోరువెచ్చని నీటిలో రాత్రంతా నానబెట్టాలి.
2. పలుచని మల్లుగుడ్డలో రెండుసార్లు వడగట్టాలి. ఒక్కసారితో ఆపితే బెరడు నలకలు మిగిలి కుంచె గీతలో చారలు వస్తాయి.
3. గాజు పలక మీద పొడి పోసి, మధ్యలో గుంట చేసి, బంకనీరు చుక్కచుక్కగా కలుపుతూ అడుగు చదునుగా ఉన్న బరువైన గాజు గ్లాసుతో నూరాలి. వేళ్ల మధ్య గరగర తగలకూడదు.
4. ఆల్చిప్పలో పోసి నీడన ఆరబెట్టాలి.

కార్మైన్ 1 గ్రాముకు బంకనీరు 1.5 మి.లీ. సరిపోయింది. అదే కొలతకు ప్రష్యన్ నీలం లొంగలేదు. ఆరాక వేలితో రాస్తే నీలం వేలికి వచ్చేసింది. 2 మి.లీ. పోస్తే కొంత తగ్గింది, 2.5 దగ్గర నిలబడింది. 3కు పోతే ఆరిన రంగు పగిలి పెళ్లలుగా లేచింది. కాబట్టి ఒకే కొలత అన్ని పొడులకూ వాడకండి. పొడి మారినప్పుడల్లా చిన్న పట్టీ మీద వేసి, ఆరాక వేలితో రాసి చూడాలి.

పగుళ్లకు పాత మందు తేనె. బంకనీటిలో కొద్దిగా తేనె కలిపితే రంగు మెత్తగా ఉంటుంది, తడి కుంచెకు వెంటనే లేస్తుంది. అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. తేనె కలిపిన నీలంతో వేసిన పట్టీని రాత్రి బల్ల మీద వదిలేస్తే తెల్లారేసరికి అంచు పొడవునా సన్నని తెల్ల గీతలు తేలాయి. బొద్దింక నాకిన దారులవి. రంగు పోయింది, కాగితం పైపొర గరుకెక్కింది. తేనె లేని పట్టీ పక్కనే ఉంది, దాన్ని ముట్టుకోలేదు. లవంగ నూనె చుక్క కలిపిన మూడో పట్టీకి చీమలు రాలేదు, బొద్దింక మాత్రం ఒక మూల రుచి చూసింది.

తహితిలో బ్యాంక్స్ 1769 ఏప్రిల్ 22న దినచర్యలో రాసుకున్న గోడు దీనితో బోధపడింది. రంగు వేసినంత వేగంగా ఈగలు దాన్ని కాగితం మీద నుంచి తినేస్తున్నాయని, చేప బొమ్మ వేయాలంటే వేయడం కంటే ఈగలు తోలడమే పెద్ద పని అయిందని అతను వాపోయాడు. కుర్చీ, బల్ల, చిత్రకారుడు అందరికీ కలిపి దోమతెర కప్పారు. అదీ చాలక తారు, బెల్లపు పాకం కలిపి ఈగల ఉచ్చు పెట్టారు. అది పనిచేయలేదు. ఆ జిగట పూసిన పళ్లేన్ని కడగడానికి బయట పెడితే, ఒక తహితి పెద్దమనిషి ఎవరూ చూడటం లేదనుకుని కాస్త చేతిలోకి తీసుకుని తన పిరుదు మీది పుండుకు పట్టు వేసుకున్నాడు. బ్యాంక్స్ అదీ రాసిపెట్టాడు. ఈగ నోటితో కొరకలేదు. ఉమ్మి వదిలి, కరిగినదాన్ని పీల్చుకుంటుంది. బంక, తీపి కలిసి నీటిలో కరిగే రంగు దానికి వడ్డించిన విస్తరి.

చేసిన మార్పులు: తేనె పూర్తిగా మానేశాను. దాని బదులు గ్లిజరిన్ చుక్క వేసి చూస్తే వానాకాలపు గాలికి రంగు ఆరనే లేదు, తాకితే జిడ్డు. దాన్నీ వదిలేశాను. ఇప్పుడు ఆ పూటకు కావలసినంతే, అర గ్రాము చొప్పున, నూరుకుంటున్నాను. బల్ల కాళ్ల కింద నీళ్లు పోసిన గిన్నెలు, బొమ్మ మీద అన్నం మీద మూసే జాలీ మూత.

ఇంతవరకు లెక్క: పొడులు రూ. 1,240, తుమ్మబంక రూ. 90, 300 జీఎస్‌ఎం నూలు కాగితం 20 షీట్లు రూ. 850, గుడ్డ, సీసాలు రూ. 200. మొత్తం రూ. 2,380. వాడిన కాగితాలు 2, మిగిలినవి 18.

దశ 2: పెన్సిలు, చెరపడం

బంకమట్టి, గ్రాఫైటు కలిపి కాల్చే నేటి పెన్సిలు పద్ధతికి ఫ్రాన్సులో కోంటే పేటెంటు పొందింది 1795లో. పార్కిన్సన్ చేతిలో ఉన్నది గనిలో తవ్విన గ్రాఫైటు నుంచే కోసిన పుల్ల అయి ఉంటుంది. అలాంటిది ఇక్కడ దొరకదు కాబట్టి నేటి రకాల్లో ఏది దగ్గరో చూశాను. 2హెచ్ కాగితంలో గాడి చేస్తుంది. రంగు పూసినప్పుడు నీరు ఆ గాడిలో నిలబడి ప్రతి గీతకూ ముదురు అంచు వస్తుంది. హెచ్‌బీ గీత బాగుంటుంది గాని పసుపు పూత తగలగానే మసి కలిసి పసుపు బూడిదరంగుకు తిరుగుతుంది. హెచ్ దగ్గర ఆగాను. చేతి ఒత్తిడి తగ్గించాలి, అంతే.

చెరపడం మీద అనుకున్నదానికంటే ఎక్కువ కాగితం ఖర్చయింది. పెన్సిలు గీతలు రబ్బరుతో పోతాయన్న సంగతి ఇంగ్లండులో ప్రచారంలోకి వచ్చింది 1770లో. అప్పటికి పార్కిన్సన్ ప్రపంచానికి అవతలి వైపున ఉన్నాడు. అంతకుముందు చెరపడానికి వాడింది రొట్టె లోపలి మెత్తటి ముద్ద. బేకరీ బ్రెడ్డుతో చెరిపిన చోట తర్వాత రంగు పట్టలేదు. నీరు ముత్యాల్లా విడిపోయింది. కారణం బ్రెడ్డులో కలిపే నూనె. నూనె వేయకుండా ఇంట్లో కాల్చిన పుల్కా పైపొర తీసి, లోపలిది ముద్ద చేసి రుద్దితే గీత పోయింది, రంగు మామూలుగా పట్టింది. అయితే నలక ఏదైనా మిగిలితే రెండో రోజుకు చీమలు. మెత్తటి కుంచెతో తప్పకుండా దులపాలి.

ఇంతవరకు: పెన్సిళ్లు, బ్రెడ్డు కలిపి రూ. 205 చేరింది. మొత్తం రూ. 2,585. కాగితాలు మరో 3 పోయాయి, మిగిలినవి 15.

దశ 3: గంటకో బొమ్మ

గంట అన్న గడువు ఊరికే పెట్టుకున్నది కాదు. 1770 మేలో, ఆస్ట్రేలియా తూర్పు తీరంలోని బాటనీ బే దాటాక బ్యాంక్స్ రాసిన మాట: సరిగ్గా 14 రోజుల్లో ఒకే చిత్రకారుడు 94 బొమ్మలు గీశాడు, చెయ్యి అంత వేగం పుంజుకుంది. అంటే రోజుకు దాదాపు ఏడు. ఓడ పెద్ద గదిలో పని ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 2 వరకు, మళ్లీ నాలుగైదు గంటలకు వంట వాసన పోయాక చీకటి పడేదాకా సాగేదని బ్యాంక్స్ తర్వాతెప్పుడో ఒక ఉత్తరంలో చెప్పాడు. ఆ వేళలనే ఇక్కడా పట్టుకుంటే రోజుకు ఏడు గంటల పని. ఒక్కో మొక్కకు గంట. బ్యాంక్స్, అతని వెంట వచ్చిన వృక్షశాస్త్రజ్ఞుడు సొలాండర్ బల్లకు ఇటు, పార్కిన్సన్ అటు. వాళ్లు వర్ణన రాస్తుంటే ఇతను గీసేవాడు.

కాగితపు పూల కొమ్మతో గంట ఇలా పంచుకుంది:

1. కొమ్మను సీసాలో నిలబెట్టి ముఖం తిప్పడం: 4 నిమిషాలు.
2. మొత్తం రూపురేఖ: 21.
3. ఒక ఆకు ఈనెలు: 7.
4. ఆ ఆకుకు రంగు: 9.
5. ఒక పుచ్ఛానికి (పూరేకులా కనిపించే రంగు ఆకుకు) రంగు: 8.
6. పువ్వు గొట్టం: 6.
7. వెనక రాత: 5.

మొత్తం 60. ఇక్కడ ఒక మాట. మనం పువ్వు అనుకునే గులాబి రంగు రేకులు పూరేకులు కావు, పుచ్ఛాలు. అసలు పువ్వు వాటి మధ్య సన్నని గొట్టం, చివర మీగడ రంగు నక్షత్రం. ఒక గుత్తికి మూడు పుచ్ఛాలు, ఒక్కోదాని నడిమి ఈనెకు అతుక్కుని ఒక్కో గొట్టం. ఆ అతుకు పుచ్ఛం అడుగు నుంచి కొంత దూరం పైకి పాకుతుంది. దూరం నుంచి గీస్తే గొట్టాలు మూడూ మధ్యలో ఒకే చోట పుట్టినట్టు కనిపిస్తాయి. భూతద్దం పట్టుకుని ఒక పుచ్ఛాన్ని విడదీసి చూస్తేగాని సంగతి తెలియదు. విడదీసిన ఆ ఒక్క పుచ్ఛాన్నే రంగుకు వాడుకుంటే రెండు పనులూ అవుతాయి.

చంద్రకాంత ఈ పట్టికను తలకిందులు చేసింది. కాగితపు పూలకు దగ్గరి చుట్టమే ఇది, ఇద్దరిదీ ఒకే కుటుంబం. ఓపికలో మాత్రం పోలిక లేదు. పువ్వు విచ్చేది సాయంత్రం నాలుగున్నర దాటాక. వెలుతురు ఆరుంబావుకల్లా పోయింది. గీతలు పూర్తి చేసి రంగుకు వచ్చేసరికి దీపం వేయక తప్పలేదు. దీపం కింద కలిపిన ముదురు గులాబి ఉదయం చూస్తే ఇటుక రంగులో ఉంది. పసుపు వెలుతురులో పసుపు కనపడదు, అందుకని చెయ్యి దాన్ని ఎక్కువ కలుపుతుంది. ఉదయం సరిదిద్దుదామంటే పువ్వు ముడుచుకుని వేలాడుతోంది.

మార్పు: ముందు రంగు, తర్వాత గీత. కాగితం మూలలో విడిగా ఒక పువ్వు, ఒక ఆకు వేసి రంగు పూర్తి చేస్తాను. ఆ తర్వాతే కొమ్మ మొత్తం రూపురేఖ. గీత దీపం కింద కూడా వేయవచ్చు, వాడిపోయిన కొమ్మకు కూడా కొంతవరకు వేయవచ్చు. రంగుకు ఆ వెసులుబాటు లేదు. పూర్తి బొమ్మ వేసే అలవాటున్న చేతికి ఈ క్రమం మొదట్లో ఎదురుతిరుగుతుంది, పట్టించుకోనక్కర్లేదు.

ఓడ ఊపును ఇంట్లో తేలేం. విశాఖ రైలులో మడత బల్ల మీద ప్రయత్నించాను. పెన్సిలు గీత వణికినా పనికొచ్చింది. కుంచె మొన మాత్రం అంచు దాటి దాటి తిరిగింది. అంచు అక్కర్లేని చిన్న రంగు మచ్చ వేయడానికి ఇబ్బంది లేదు. దాని గురించి దశ 5లో.

ఇంతవరకు: డబ్బు మారలేదు, రూ. 2,585. కాగితాలు 6 వాడాను, మిగిలినవి 9.

దశ 4: ఎండబెట్టడం, కొలతలు

1770 మే 3న, బాటనీ బేలో, పోగైన మొక్కలు పాడవుతాయన్న భయంతో బ్యాంక్స్ తన ఆరబెట్టే కాగితాలన్నీ ఒడ్డుకు మోయించి, ఓడ తెరచాప మీద పరిచి ఎండలో ఆరబెట్టించాడు. దాదాపు 200 దస్తాలు. రోజంతా వాటిని తిరగేస్తూ కూర్చున్నాడు. ఆ కాగితాల్లో కొన్ని ఒక కావ్యం మీది వ్యాఖ్యానం తాలూకు అమ్ముడుపోని అచ్చు కాగితాలు. మనకు పాత దినపత్రికలున్నాయి. రంగుల పేజీలు వద్దు, వాటి నునుపు తేమను పీల్చదు.

1. రెండు ప్లైవుడ్ పలకలు, మధ్య దినపత్రిక మడతలు, చుట్టూ బెల్టు.
2. మొదటి మూడు రోజులు ఉదయం, సాయంత్రం కాగితం మార్చాలి. ఆ తర్వాత రోజుకొకసారి.
3. మార్చిన ప్రతిసారీ తూకం వేయాలి. వరుసగా రెండుసార్లు తూకం మారకపోతే ఆరినట్టు.

కాగితపు పూల కొమ్మ పచ్చిది 14.2 గ్రాములు, ఆరింది 3.3 గ్రాములు. త్వరగా తేల్చేద్దామని ఒక కొమ్మను దినపత్రిక మధ్య పెట్టి ఇస్త్రీ చేస్తే పుచ్ఛాలు గోధుమరంగుకు తిరిగాయి. ఈ ఎరుపు బీటలైన్ జాతి వర్ణకం, బీట్‌రూట్‌లో ఉండేలాంటిదే, వేడికి ఆగదు. నీడన నెమ్మదిగా ఆరినవి రంగు బాగానే నిలుపుకున్నాయి. శంఖపుష్పం నీలం మాత్రం ఎలా ఆరబెట్టినా పాలిపోయి ఊదాకు జారింది.

ఆరాక కుదింపు ఇలా ఉంది. కాగితపు పూల ఆకు 62 మి.మీ. నుంచి 59కి, పుచ్ఛం 34 నుంచి 32కు, శంఖపుష్పం పెద్ద రేకు 46 నుంచి 38కి. ఆకు, పువ్వు ఒకే నిష్పత్తిలో కుదించుకుపోవు. ఎండిన నమూనాను స్కేలుగా పెట్టుకుని బొమ్మ పూర్తి చేస్తే ఆకులు సరిగ్గానే ఉండి పువ్వు మాత్రం చిన్నదవుతుంది. అందుకే పచ్చి కొమ్మ మీదనే మూడు కొలతలు తీసి కాగితం అంచున రాయాలి: అతి పెద్ద ఆకు పొడవు, పువ్వు అడ్డం, కాడ మందం.

నేల మీద, ఒకే ఊళ్లో ఉండి పనిచేసేవారికి ఈ బాధ లేదు. సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ ఇక్కడి చిత్రకారులతో బొమ్మలు వేయించినప్పుడు మొక్క కళ్ల ముందే ఉంది. పువ్వు ఈ నెల, కాయ వచ్చే నెల వేయవచ్చు. ఆ బొమ్మల్లోంచి 300 ఏరి 1795 నుంచి 1820 మధ్య లండన్‌లో అచ్చువేశారు, ఆ అచ్చుపని మొదలుపెట్టించి చూసుకున్నది మన బ్యాంక్సే. ఓడ మనిషికి కాయ కోసం ఆగే వీలు లేదు.

ఇంతవరకు: పలకలు, బెల్టు, పాత పత్రికలు రూ. 460. మొత్తం రూ. 3,045. కాగితాలు అవే 9.

దశ 5: మాటలు, అంకెలు, మచ్చలు

పార్కిన్సన్ రంగులను మాటల్లో రాశాడు. 1801లో నావికుడు ఫ్లిండర్స్ నడిపిన ఇన్వెస్టిగేటర్ ఓడలో ఆస్ట్రేలియా వెళ్లిన చిత్రకారుడు ఫెర్డినాండ్ బావర్ మాటలు మానేసి అంకెలు వేశాడు. ఒక్కో ఆకు, రేకు మీద పెన్సిలుతో చిన్న అంకె. ఆ అంకెలు దాదాపు 1000 వరకు పోతాయి. ఏళ్ల తర్వాత వాటినే చూసి తన చేత్తో తానే రంగులు పూర్తి చేశాడు. ఆ అంకెలకు సరిపడే రంగుల పట్టిక మాత్రం ఇప్పుడు లేదు. తాళం పోయిన పెట్టెలా మిగిలాయి ఆ పెన్సిలు బొమ్మలు.

నా పట్టిక చిన్నది. రంగుల జంటలు మూడు: నీలం-పసుపు, నీలం-ఎరుపు, ఎరుపు-పసుపు. ఒక్కో జంటకు ఏడు పాళ్లు (రెండు రంగులు కలిపే నిష్పత్తులు), ఒక్కో పాలుకు నాలుగు పలుచదనాలు. 3 × 7 × 4, అంటే 84 గళ్లు. విడి రంగులు మూడింటికి నాలుగేసి, 12. మొత్తం 96. అంకె చదవడం తేలిక. 253 అంటే రెండో జంట, ఐదో పాలు, మూడో పలుచదనం.

పట్టిక వాడకంలో తేలినవి:

1. తడి రంగుతో పోల్చకూడదు. ఆరాక ఒక మెట్టు పాలిపోతుంది. మచ్చ ఆరడానికి ఎండాకాలం నిమిషంన్నర, వానల్లో ఐదు నిమిషాలు.
2. చెట్టు కింద కూర్చుని పోల్చకూడదు. పై ఆకుల పచ్చదనం తెల్ల కాగితం మీద పడుతుంది, కంటికి తెలియదు.
3. బూడిదరంగు అట్టలో 8 మి.మీ. రంధ్రాలు రెండు పక్కపక్కన చేసి, ఒకదాని కింద ఆకు, మరొకదాని కింద గడి పెట్టి చూడాలి. రంధ్రం లేకుండా చూస్తే ముదురు ఈనెలు కంటిని లాగి, అంకె ఒక మెట్టు ముదురుగా పడుతుంది.
4. పట్టికను వెలుతురులో ఉంచకూడదు. కార్మైన్ పట్టీకి సగం వెండికాగితం చుట్టి దక్షిణపు కిటికీలో పెట్టాను. నెల తిరిగేసరికి బయటి సగం స్పష్టంగా వెలిసింది. ప్రష్యన్ నీలంలో తేడా కనబడలేదు. పట్టిక వెలిస్తే అంకె అబద్ధం చెబుతుంది, పైగా ఎరుపున్న గళ్లలోనే చెబుతుంది.

అందుకని ఒకే నూరుడు రంగుతో రెండు పట్టికలు వేసి, ఒకటి పూర్తి చేసే మనిషికి పంపి, రెండోది నల్ల కాగితంలో చుట్టి పుస్తకంలో దాచాను.

మూడో పద్ధతి రంగు మచ్చ. బొమ్మ అంచున గోరంత మచ్చలు, ఒక్కోదాని నుంచి ఆ భాగానికి సన్నని గీత. పట్టిక అక్కర్లేదు. రైలులో కూడా వేయవచ్చు.

ఇంతవరకు: రూ. 3,045. కాగితాలు 2 వాడాను, మిగిలినవి 7.

దశ 6: మరో చెయ్యి

పూర్తి చేసింది మా పెద్దమ్మ కూతురు. వరంగల్‌లో పిల్లలకు డ్రాయింగ్ నేర్పుతుంది. మూడు మొక్కలకు మూడు రకాల కాగితాలు పంపాను: కాగితపు పూలకు మాటలు మాత్రమే, శంఖపుష్పానికి అంకెలు, చంద్రకాంతకు మచ్చలు. ఎండిన కొమ్మలు, రంగుల ఆల్చిప్పలు కూడా పెట్టాను.

వచ్చిన ఫలితం చూడటానికి ముచ్చటగా ఉంది, ప్రయోగంగా పనికిరాలేదు. శంఖపుష్పం నీలం నేను రాసిన అంకెకు మూడు పాళ్లు దూరంగా, బతికిన పువ్వుకు మరీ దగ్గరగా ఉంది. అడిగితే, వాళ్ల పెరట్లో పందిరి నిండా అదే తీగ. అంకె చూడాల్సిన పనే పడలేదు. కాగితపు పూలను చూడనివారు ఈ దేశంలో ఎవరు? లండన్ చిత్రకారుల స్థితి ఇది కాదు.

కాబట్టి ఆమె ఎన్నడూ చూడని మొక్క కావాలి. ఉప్పాడ ఒడ్డున ఇసుక మీద పాకే బాలబండి తీగను తీసుకున్నాను. సముద్రానికి దూరంగా ఉండేవారికి కొత్త మొక్క. ఆకు కొన దగ్గర రెండుగా చీలి మేక గిట్టలా ఉంటుంది. ఉదయం విచ్చే ఊదా గులాబి గరాటు పువ్వు, గొంతులో ముదురు రంగు, మధ్యాహ్నానికే వాడిపోతుంది. ఒకే కాగితం మీద పువ్వుకు మాటలు, ఆకు పైవైపుకు అంకె, కాడకు మచ్చ వాడాను. ఒక ఆకును దశ 3 క్రమంలో పూర్తిగా వేశాను.

తిరిగొచ్చిన బొమ్మలో:

1. మాటలు. 'లేత ఊదా, గులాబి వైపు' అని రాసినది పట్టికలో అసలుకు రెండు పాళ్లు నీలం వైపు వెళ్లింది. గొంతు 'ముదురు' అన్నది ఎంత ముదురో ఆమె ఊహించుకోవలసి వచ్చింది.
2. అంకె. ఒక గడి తేడా.
3. మచ్చ. తేడా కనబడలేదు.
4. పూర్తిగా వేసిన ఆకు. దాన్ని చూసి వేసిన మిగతా ఆకుల రంగు, మెరుపు రెండూ సరిపోయాయి. మెరుపు గురించి అంకె గాని మచ్చ గాని ఏమీ చెప్పవు.

అయినా తీగ బాలబండి తీగలా లేదు. కారణం రంగు కాదు. ఇసుక మీద ఈ ఆకు నడిమి ఈనె వెంట పైకి మడుచుకుని, సగం మూసిన పుస్తకంలా నిలబడుతుంది. బొమ్మలో ఆకులన్నీ చాపలా పరుచుకుని ఉన్నాయి. ఫోనులో అక్క సమాధానం సూటిగా ఉంది: "నువ్వు పంపిన ఎండు ఆకు బల్లపరుపుగానే ఉంది కదా తమ్ముడూ. నీ గీతలోనూ మడత తెలియలేదు. ఉన్నదే వేశాను."

ఎండబెట్టే పలక మందాన్ని తినేస్తుంది. గీత తొందరలో దాన్ని వదిలేస్తుంది. రంగుకు ఇన్ని ఏర్పాట్లు చేసి, ఆకారానికి ఒక్కటీ చేయకపోతే ఎంత మంచి చెయ్యి అయినా చేయగలిగింది లేదు. ఇప్పుడు ప్రతి కాగితం మీద ఆకును అడ్డంగా కోస్తే కనిపించే రేఖను వేలెడంత గీస్తున్నాను, రెండు రెక్కల మధ్య కోణం కొలిచి రాస్తున్నాను. బాలబండికి అది దాదాపు 70 డిగ్రీలు. నిమిషం కూడా పట్టదు.

సవరించిన కాగితం క్రమం, వాడుకోదలిచినవారికి:

1. వేళ, వెలుతురు, మొక్క దొరికిన చోటు. (1 నిమిషం)
2. మూలలో ఒక ఆకు, ఒక పువ్వు పూర్తి రంగుతో. (25)
3. మిగిలిన భాగాలకు మచ్చలు: ఆకు అడుగు, కాడ, మొగ్గ, వాడిన పువ్వు. (6)
4. మూడు కొలతలు, ఆకు అడ్డుకోత, కోణం. (3)
5. కొమ్మ రూపురేఖ. (20)
6. మచ్చలకు పట్టిక అంకెలు, తీరిక ఉంటేనే. (5)

60 నిమిషాలకు ఇంకా బయటికి పోలేదు.

ఇంతవరకు: కొరియరు రూ. 180. మొత్తం రూ. 3,225. కాగితాలు అక్కకు 4, ఉప్పాడలో 1, మిగిలినవి 2. వాటిలో ఒకటి చంద్రకాంతకు, ఈసారి నాలుగింటికే ఆల్చిప్పలు తడిపి సిద్ధంగా పెట్టుకుని. రెండోది అదే కొమ్మను అక్క పూర్తి చేయడానికి. ఈసారి ఎండు కొమ్మ పంపను, కాగితం ఒక్కటే వెళుతుంది.